ఖోలీ ఆటలో పాట లేని చోటు

నా చిన్నప్పుడు మేము బొంబాయిలో ఒక చాల్‌లో ఉండేవాళ్లం. చాల్ అంటే ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు! పొడవాటి వసారా, దాని వెంట వరుసగా ఖోలీలు, ఒక్కో ఖోలీలో ఒక్కో సంసారం. వంట, పడక, తగాదా అన్నీ ఆ ఒక్క గదిలోనే. కట్టంగూరు దగ్గరి మా ఊరివాళ్లు, పాలమూరు దిక్కువాళ్లు బతుకుదెరువు కోసం వచ్చి అక్కడ చేరారు. బాపు బట్టల మిల్లులో పనిచేసేవాడు. ఇంట్లో అమ్మ, అమ్మను కన్న మా అవ్వ, నేను.

ఒక వానాకాలం అమ్మకు జ్వరం ముదిరితే బాపు దవాఖానకు తీసుకుపోయాడు. మళ్లీ అమ్మ రాలేదు. ఏదంటే, ఊరికి పోయింది, పంటలు ఇంటికొచ్చాక వస్తుంది అన్నారు. నేను నమ్మాను. ఎందుకు నమ్మను? బాపు ఎప్పుడూ అబద్ధం ఆడినవాడు కాదు. అమ్మ వచ్చేదాకా నా తల ఎవరూ దువ్వొద్దని మాత్రం మొండికేశాను. జుట్టు చిక్కులు పడి పిచ్చుక గూడు అయింది. ఎవరైనా దువ్వెన పట్టుకొస్తే వసారా చివరిదాకా ఉరికేదాన్ని.

మా దిక్కున మనిషి పోతే ఆడవాళ్లు ఊరికే ఏడ్వరు. శోకం పెడతారు. పోయినవాళ్లను పిలిచి, వాళ్లు తిన్నది, కట్టింది, అన్న మాట, పడ్డ కష్టం అన్నీ రాగం తీసి చెప్పుకుంటూ, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడుస్తారు. అట్లా ఏడిస్తేనే పోయిన మనిషిని సాగనంపినట్టు. మా అవ్వకు ఆ భాగ్యం కూడా లేకపోయింది. పక్క గదుల్లో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మగవాళ్లు పగలంతా పడుకుంటారు. ఉన్న ఒక్క ఖోలీలో ఎప్పుడూ నేనుంటాను. ఎక్కడ ఏడుస్తుంది పాపం? కొంగు నోట్లో కుక్కుకునేది. మెల్లగా మాట మానింది, తర్వాత తిండి మానింది. బాపు కంచం ముందుపెట్టి, "జర తిను అత్తమ్మా, పోరి మొఖం జూసన్న తిను" అని బతిమాలేవాడు. ఆమె చెయ్యి కంచం దాకా పోయేది కాదు. ఈమె కూడా మనకు దక్కదేమోనని వసారాలో గుసగుసలాడేవారు.

పక్క ఖోలీలో ఒక తాత ఉండేవాడు. ఊళ్లో ఉన్నప్పుడు భాగోతం ఆడినవాడు. దసరా వస్తే చాల్ వాకిట్లో బల్లలు పేర్చి, దుప్పట్లు కట్టి ఆట ఆడించేవాడు. ఆ ఏడు, "రాజులు, రాక్షసులు ఎన్నేండ్లు? ఈసారి మన ఖోలీ కతనే ఆడుదాం" అన్నాడు. మూటతో రైలు దిగే పాట, నల్లా కాడ బిందెల కొట్లాట పాట, ఇంతమందీ ఒక్క గదిలో ఎటు తల పెట్టి ఎటు కాళ్లు చాపాలనే పాట. అన్నీ తనే కట్టాడు. అవ్వకు ముసలమ్మ వేషం, నాకు మనవరాలి వేషం ఇచ్చాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది. ఆయన గడపలో కూర్చుని, "నువ్వు పాట వాడేది లేదు, మాట జెప్పేది లేదు. నీ వంతు వచ్చిన జాగల నేను మద్దెల ఆపుత. ఇగ నీ ఇష్టం" అని లేచిపోయాడు. పాటలు నేర్పేటప్పుడు కూడా, ఇక్కడ ముసలమ్మది ఉంటుంది, తర్వాత చూద్దాం అని దాటేసేవాడు.

పండుగనాటి సాయంత్రం వాకిలి నిండింది. నల్లా కొట్లాట పాటకు నవ్వీ నవ్వీ జనం కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను అవ్వ ఒళ్లో కూర్చుని ఉన్నాను. తాత ముందుకొచ్చి, "ఇగ గీ ముసలమ్మ బిడ్డ లేదు" అని మద్దెల ఆపాడు.

అవ్వ నా చిక్కుజుట్టు మీద చెయ్యి వేసింది. తర్వాత ఆమె గొంతు లేచింది. "ఓ నా బిడ్డా... నన్ను మట్టిల వెట్టేదానివి, నాకంటె ముందుగాల నువ్వే వోతివా బిడ్డా... నీ పోరి తల దువ్వనిస్తలేదు బిడ్డా... మా అమ్మనే దువ్వాలె అంటాంది, నేనేం జెప్పాలె బిడ్డా..."

అప్పుడు తెలిసింది నాకు. అమ్మ ఊరికి పోలేదు.

జనం ఏమనుకున్నారు? ఎంత బాగా ఆడుతోంది అనుకున్నారు! చప్పట్లు కొట్టారు. మంచి పద్యానికి అరిచినట్టే ముందు వరుసలో ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. బాపు తల దించుకున్నాడు. అవ్వ వాళ్లవైపు ఒకసారి చూసింది. నన్ను ఇంకా దగ్గరికి లాక్కుని మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది. ఇది ఆట కాదని ఈసారి ఆడవాళ్లకు అర్థమైంది. ఒక్కొక్కరే బల్లలెక్కి వచ్చి అవ్వ మెడ పట్టుకున్నారు. నేను వాళ్లందరి మధ్య నలిగిపోతూ, అమ్మా అమ్మా అని ఏడ్చాను. ఆట అక్కడితో సరి.

తెల్లారి అవ్వ ఇంత అన్నం తిన్నది. నేనే దువ్వెన తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. చిక్కు తీస్తుంటే ఏడ్చాను. నొప్పికో, అమ్మకో, ఏమో. ఆ తాత మీద చాలా కాలం కోపంగా ఉండేది. అంతమందిలోనా నాకు తెలియాల్సింది అని. పెద్దయ్యాక అర్థమైంది. ఏడ్వడానికి చోటే లేని చాల్‌లో ఆయన మా అవ్వకు, నాకు ఒక చోటు కట్టిచ్చాడు.

ఇప్పుడు నేను నార్కట్‌పల్లిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మొన్నటి వానాకాలం మా ఇంటాయన పోయాడు. మనవడు చిన్నవాడు. వాడు బెంగపెట్టుకుంటాడని కోడలు, తాత జడ్చర్లకు పోయిండు అని చెప్పింది. ఆమె తప్పేం లేదు, ప్రేమకొద్దీ చెప్పింది. కానీ వాడు బస్సు ఆగినప్పుడల్లా వాకిట్లోకి ఉరుకుతుంటే చూడలేకపోయాను. వాణ్ని పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుని, తాత ఇక రాడని చెప్పాను. చెప్పి గొంతెత్తి ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. కాసేపటికి తన అంగీతో నా మొఖం తుడిచి, "ఇంక ఏడ్సేదున్నదా అవ్వా?" అన్నాడు.

"ఉన్నది బిడ్డా, కూసో" అన్నాను.