నూనె అందని ఘాట్

ఇది ఇతిహాసం. ఇందులో అన్నదమ్ముల వైరం ఉంది, అడవి ఉంది, కొండ ఉంది, యముడితో పోటీపడి పరుగెత్తిన రథం కూడా ఉంది. రథమంటే పాత డీజిల్ కారు. పరుగంటే నిర్మల్ దాటాక ఘాట్ సగం దాకా. మిగతా ఇతిహాసం కూడా ఇదే స్థాయిలో ఉంటుంది కాబట్టి ముందే ఆశలు తగ్గించుకోవడం మంచిది.

మొన్న కరీంనగర్‌లో స్నేహితుడి కొత్త కారులో పోతుంటే, సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది. నేను ఉలిక్కిపడి డోరు తీసి దిగబోయాను. డీజిల్ పొదుపు కోసం అదే ఆగుతుందని, అదే స్టార్టవుతుందని వాడు గర్వంగా చెప్పాడు. ఇంజన్ ఆగితే దిగి మొక్కడమో, దిగి తొయ్యడమో తప్ప మూడో పద్ధతి మా ఇంట్లో ఎవరూ ఎరగరు.

మాది హుజూరాబాద్. బాపు, అంటే మా నాన్న, పత్తి బేరాల మీద వారం వారం ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులకు పోయేవాడు. దారిలో ఆ ఘాట్ ఎక్కాలి. పైకి చేరగానే రోడ్డు పక్కన చిన్న హనుమాన్ గుడి. అక్కడ కారు ఆపడం, ఆపిన క్షణంలోనే తాళంచెవి తిప్పి ఇంజన్ బందు పెట్టడం బాపు నియమం. నాలుగు టైర్లూ, ఒక దేవుడూ సాక్షిగా ఏనాడూ తప్పలేదు. ఘాట్ ఎక్కిన బండిని ఆపినా ఇంజన్‌ను కాసేపు ఊరికే నడవనివ్వాలి, లేకపోతే ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో వేడికి లోపల నూనె మాడిపోతుందని నేను ఎక్కడో చదివి చెబితే, "దేవుని ముంగట బండి గుర్రుగుర్రుమంటుంటే మొక్కుడెట్లరా? నువ్వు గుళ్ళె ఫోన్ మాట్లాడినట్టా?" అన్నాడు. నేను గుళ్ళో ఫోన్ మాట్లాడతాను కాబట్టి ఆ చర్చ అక్కడే ముగిసింది. అలా ఏళ్ల తరబడి, భక్తి పేరుకున్నకొద్దీ టర్బోకు నూనె పోయే పైపులో మసి పేరుకుంది.

బాపుకు ఒక్కడే అన్న, నాకు పెద్దబాపు. బోథ్‌కు ఇల్లరికం పోయి అక్కడే వ్యవసాయం చేసుకున్నాడు. మా అక్క పెళ్లిలో పిల్లను కూర్చోబెట్టిన మా కారు కదలగానే వెనక బ్యాండువాళ్లు పొగలో కనిపించకుండా పోయారు. బాజా మాత్రం వినిపించింది. పెద్దబాపు అందరి ముందూ, "తమ్మీ, గిది కారా, ఇటుకబట్టీనా?" అన్నాడు. పెళ్లంతా నవ్వింది. బాపు నవ్వలేదు. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు. నేరడిగొండ దగ్గర బోథ్ రోడ్డు తిరిగే చోట, వారం వారం, మెడ పట్టేసినవాడిలా ఎదురుగానే చూస్తూ పోయేవాడు.

పొగ ఎక్కువై చివరకు టర్బో మార్చక తప్పలేదు. కొత్త టర్బోకు నూనె తీసుకుపోయే పైపు కూడా మారుద్దామా అని మెకానిక్ అడిగితే, బాపు పాత పైపు చేతిలోకి తీసుకుని, సన్నాయిలా నోట్లో పెట్టుకుని ఊదాడు. గాలి అటువైపు వచ్చింది. "మంచిగనే ఉన్నది గదా!" అన్నాడు, పెదవుల మీద మసితో. "గాలి వోతే నూనె వోదా పటేలా?" అని మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే తప్పు మీద ఏకాభిప్రాయానికి రావడం చూడముచ్చటగా ఉంటుంది. పొగ మాత్రం పోయింది. బాపు కారు వెనక నిలబడి, లేని పొగను చాలాసేపు చూసుకున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పెద్దబాపు భార్య, మా పెద్దవ్వ, ఫోన్ చేసింది. "మీ అన్నను దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు తమ్మీ. నిన్నే అడుగుతుండు." బాపు చొక్కా మార్చుకుంటూ నాతో, "కార్లనే పోదాం. పొగ లేని బండి సూడాలె గదా ఆయిన," అన్నాడు. దారి పొడుగునా స్టీరింగుకు చెబుతున్నట్టు ఒకే మాట సాధన చేశాడు. "ఏందే అన్నా, ఇప్పుడేమంటవ్?" ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుతూ, ఒకసారి బతిమాలినట్టు. మూడోది బాగుంది.

ఘాట్ సగంలో టర్బో ఈల పెద్దదైంది. ఈల కాస్తా కీచుమని అరుపైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు, కారు ఆగిపోయింది. నీలంగా, తెల్లగా లేచిన పొగకు వెనక వస్తున్న లారీయే కనిపించలేదు. ఇటుకబట్టీ మళ్లీ అంటుకుంది. బానెట్ ఎత్తి చూస్తే గాలి గొట్టం నిండా నూనె కారుతోంది. చేరవలసిన చోటు తప్ప అన్నిచోట్లకూ చేరింది. కోతులు వచ్చి వరుసగా కూర్చున్నాయి. బాపు ఆ నూనె చేతులను తెల్లచొక్కాకు తుడుచుకుని, "ఇంకెట్లరా?" అన్నాడు. నేను కనిపించిన ప్రతి లారీకీ చెయ్యెత్తాను.

చాలాసేపటికి పత్తి లోడుతో మిల్లుకు పోతున్న లారీ ఆగింది. "చలా దాదా, బసా, ఎక్కుండ్రి," అన్నాడు డ్రైవర్, మరాఠీ కలిపి. కొండమీద ఆ లారీ కంటే పత్తి మొక్క ఎదగడమే వేగంగా ఉంటుంది. గుడి దగ్గర లారీ ఆగలేదు. బాపు మొక్కలేదు. నేరడిగొండలో దిగి ఆటో పట్టుకుని బోథ్ చేరేసరికి వాకిట్లో చెప్పులు ఎక్కువగా ఉన్నాయి.

పెద్దవ్వ ఏడుపు ఆపి బాపును చూసింది. "రోడ్డు దిక్కే సూశిండు తమ్మీ. ఏ బండి సప్పుడైనా తలకాయ లేపిండు. జరసేపటి కిందనే పాయె."

బాపు అన్న పాదాల దగ్గర కూర్చున్నాడు. దారంతా సాధన చేసిన మాట రాలేదు. "నూనె అందలే వదినె," అన్నాడు. "ఘాట్ల టర్బోకు నూనె అందలే." ఆ సాయంత్రం పరామర్శకు వచ్చిన ప్రతివాడికీ అదే చెప్పాడు. పైపు ఎంత సన్నం, లోపల మసి ఎట్లా పడుతుంది, గాలి పోయినా నూనె ఎందుకు పోదు. వాళ్లు తలలూపి, కళ్లు తుడుచుకుని, టర్బో గురించి తెలుసుకుని వెళ్లారు.

కాలం ఎవరికోసం ఆగదంటారు. అది నిజమే కావచ్చు. మేము కారు పక్కన నిలబడి ఉండగా మా ముందునుంచి బస్సులు పోయాయి, ఎక్స్‌ప్రెస్‌లూ, పల్లెవెలుగులూ. ఘాట్ మీద ఆగవనుకుని ఒక్కదానికీ చెయ్యెత్తలేదు. ఎక్స్‌ప్రెస్ ఆగదు. పల్లెవెలుగు చెయ్యెత్తితే ఎక్కడైనా ఆగుతుందట.