కారే ఇంటి మేస్త్రి

నా బుర్రా, మా పెంకుటింటి కప్పూ ఒకటే. పైనుంచి ఏం పోసినా నిలవదు. అందుకే బడిని అయిదో తరగతిలోనే వదిలేశాను. కప్పును వదల్లేం కదా, వానలు దగ్గరపడ్డాయి.

టేకులపల్లి బస్సులో కూర్చుని, నమ్మకంగా పెంకులు సర్దే మేస్త్రి దొరకడం లేదని కొత్త సెల్‌ఫోన్‌లో బావకు మొరపెట్టుకుంటుంటే అడవిలో సిగ్నల్ పోయింది. జవాబు పక్క సీటు ముసలమ్మ ఇచ్చింది. ఒడిలో ఇప్పపూల మూట. ఆ తీపి వాసనకు కిటికీ బయట చెట్లు కూడా తూగుతున్నట్టున్నాయి. ఆమె కళ్ళు తెరవనే లేదు.

"ఏ మేస్త్రి ఇల్లు కారుతదో వాన్నే పిలువు బిడ్డా. మంచి పనోన్ని ఊరోళ్లు ఇంట్ల ఉండనియ్యరు."

అట్లాంటివాణ్ణే వెతికి తెచ్చాను. ఆ వానాకాలం మా ఇంట్లో చుక్క పడలేదు. పెంకుల మీద వాన చప్పుడు వింటూ, ముసలమ్మ మాట మా ఆవిడకు చెప్పాను.

"అయితే నువ్వు గూడ మంచి పనోనివే," అంది. "ఊరందర్ని నవ్విస్తవ్, ఇంట్ల నన్ను తప్ప."