మిషన్ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు

కెనడాలో వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఏడు నెలలైనా జవాబు రాలేదు. ఏడుస్తూ కూర్చున్న నన్ను స్కార్‌బరోలోని మా రూమ్మేట్ ఒక టూర్‌కి లాక్కెళ్లింది. దక్షిణాన అమెరికాలో స్పెయిన్ ఫాదర్లు కట్టినట్టే ఇక్కడ ఫ్రెంచి ఫాదర్లు మత ప్రచారానికి కట్టిన పాత మిషన్ అది.

గైడ్ చరిత్ర చెబుతుంటే నాకు హైదరాబాద్ దగ్గరి వీసా గుడి గుర్తొచ్చింది. అక్కడ పదకొండు ప్రదక్షిణలు చేశాకే నాకు స్టూడెంట్ వీసా వచ్చింది. సిగ్గు విడిచి, బూట్లు విప్పి, కరుగుతున్న మంచులో అక్కడి కొయ్య చర్చి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

ఏడో చుట్టు పూర్తయ్యేసరికి రూమ్మేట్ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆపవే! అసలు చర్చి ఎప్పుడో కాలిపోయిందంట. ఇది టూరిస్టుల కోసం కట్టిన నమూనా. లోపల దేవుడు కూడా లేడు."

"అయితే ఇంకెవరి చుట్టూ తిరగమంటావే?"

చెయ్యి విదిలించుకుని, మిగతా నాలుగు చుట్లూ తిరిగాను.