ముగ్గురు శ్రీనివాసుల ఆఫీసు

హైటెక్ సిటీలోని మా ఆఫీసులో ముగ్గురు శ్రీనివాసులం ఉండేవాళ్లం. ఒకరు డైరెక్టర్ గారు, ఒకరు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, మూడోవాణ్ణి సాఫ్ట్‌వేర్ టెస్టింగులో నేను. ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. హెచ్ఆర్ మేడమ్ నన్ను గదిలోకి పిలిచింది.

"శ్రీనివాస్ గారూ, మన కంపెనీ ఒక కుటుంబమండి. ఇవాళే మీకు ఆఖరి రోజు" అంది.

నల్లగండ్లలో అప్పు చేసి కొత్తగా కొన్న ఫ్లాటు కళ్లముందు గిర్రున తిరిగింది. ఐడీ కార్డు ఇచ్చేసి, బ్యాగుతో గేటు దాకా వచ్చాను.

"ఏంది సార్, గిట్లున్నరు?" అన్నాడు గార్డు శ్రీనివాస్.

"నా ఉద్యోగం పోయిందయ్యా."

"అయ్యో! ఫికర్ జేయకుండ్రి సార్, జర నీళ్లు తాగుండ్రి."

అంతలో మేడమ్ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. "సారీ అండి! తీసేసింది మిమ్మల్ని కాదు, డైరెక్టర్ గారిని!"

ఆనందం పట్టలేక గార్డును కౌగిలించుకుని, "బతికిపోయాను!" అని అరిచాను. వెనక్కి తిరిగితే, టీ కప్పుతో డైరెక్టర్ గారు! ఆయనకింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

"కంగ్రాట్స్ శ్రీనివాస్! ప్రమోషనా?" అని నవ్వుతూ చెయ్యి చాపారు.

మేడమ్ నేలచూపులు చూస్తోంది. నేను "అవును సార్" అంటూ ఆ చెయ్యి అందుకున్నాను. ఉన్న ఉద్యోగం ఉండటమే ప్రమోషనని నాకు ఆ రోజే తెలిసింది.