డబ్బా అడుగున దారం

ఆ శనివారం డాబా మీద ఉన్నవాళ్ళు, ఉన్నవి: అమ్మ. నేను. ఎనిమిది పెయింటు డబ్బాలు, ఒక్కొక్కదాని అడుగున కాల్చిన మేకుతో పొడిచిన నాలుగు రంధ్రాలు. డబ్బాకొకటి చొప్పున ఎనిమిది చిక్కుడు మొక్కలు, ఏడు వారాల వయసు, ఏదీ జానెడు మించని ఎత్తు. తీగలు పాకడానికి పిట్టగోడ నుంచి మెట్ల గది కప్పు దాకా కట్టిన ఎనిమిది తాళ్ళు. వాటిలో ఒక్కదాన్నీ ఏ తీగా అందుకోలేదు. అమ్మ కొంగు ముడిలో ఫోన్. అది మోగితే అందులో బాపు, మా నాన్న.

బాపు భీవండిలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా సిరిసిల్లలో సాంచా అంటారు. ఇక్కడ పని వారానికి మూడు రోజులకు పడిపోయాక, మగ్గం గుంట ఉన్న మా పెంకుటిల్లు అమ్మేశాక, ఆయన భీవండి బస్సెక్కాడు. అమ్మ ఈ మేడ మీది అద్దె గదిలోకి మారింది. నేను జగిత్యాలలో వ్యవసాయ డిప్లొమా చదువుతూ, శనివారం రెండు బస్సులు మారి వచ్చి, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోయేవాణ్ణి.

పాత ఇంటి పెంకుల మీద ఒక చిక్కుడు తీగ ఉండేది. కాయ వెడల్పు, అంచు ఎరుపు. గింజ నలుపు, దాని ఒక పక్కన తెల్ల గీత. ఆ విత్తనం మా నాయనమ్మ నాటిది, బజారులో దొరకదు. ఇల్లు ఖాళీ చేసిన రోజు బాపు ఆఖరి గింజలను బూడిదలో కలిపి, గుడ్డలో మూటగట్టి, అమ్మ చేతిలో పెట్టాడు. ఎనిమిది గింజలు. సంచి భుజాన వేసుకుంటూ అన్న మాట నాకు గుర్తుంది.

"మిరుగంల, తొలి వానలు వడంగనే పెట్టు. దీపావళికి ఆడ సాంచాలు బందువెడ్తరు. అచ్చి చిక్కుడుకాయ కూర తిని పోత."

అందుకే ప్రతి ఆదివారం ఫోన్లో మొదటి ప్రశ్న తీగ గురించే. మా ఆరోగ్యాలు ఆ తర్వాత. తీగ పాకుతుంటే ఆయన రాక దగ్గరవుతున్నట్టు. అమ్మ ఆ లెక్కను ఎంత నమ్మిందంటే, నిజం చెప్పలేకపోయింది.

"గోడ సగం వాకింది," అని చెప్పేసింది, ఒక వారం నా ఎదుటే.

నేను కళ్ళెర్రజేస్తే ఫోన్ పెట్టేసి, "నువ్వు సదివినవు గద, నిజం జెయ్యి," అంది.

నోటుపుస్తకం తీశాను. వేరు ఎదగకపోవడానికి మాకు చెప్పిన కారణాలు ఆరు. నీరు ఎక్కువ కావడం. మట్టి బిగుసుకోవడం. రంధ్రాలు మూసుకుపోవడం. యూరియా వేయడం వల్ల ఆకు పెరిగి వేరు పెరగకపోవడం. ఎండ చాలకపోవడం. గింజను లోతుగా పెట్టడం. యూరియా వేయలేదు, గింజలన్నీ మొలిచాయి కనక లోతూ కాదు; మిగతా నాలుగింటినీ వరుసగా పరీక్షించాను. రెండు డబ్బాలకు నీళ్ళు సగానికి తగ్గించాను. రెండింటిలో చెరువు మట్టిని గుల్లచేసి ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపాను. రెండింటిని తూర్పు గోడ దగ్గరికి జరిపాను. మిగతా రెండూ పోల్చడానికి అలాగే వదిలాను. రంధ్రాలలోంచి నీళ్ళు కారుతున్నాయో లేదో చూశాను. కారుతున్నాయి, నెమ్మదిగా. టిక్కు పెట్టాను.

రెండు వారాల్లో ఎనిమిదీ ఒకే తీరుగా పసుపెక్కాయి. మార్చినవీ, మార్చనివీ.

ఒకదాన్ని డబ్బా నుంచి తట్టి తీశాను. మట్టి ముద్ద పైసగం వరకే వేర్లు. కింద కొసలు గోధుమరంగులో, పట్టుకుంటే తోలు ఊడి చేతికి వచ్చాయి. డబ్బా అడుగున అమ్మ పరిచిన దారం అలాగే ఉంది. దాన్ని చూశాను కూడా. మా ఇంట్లో కుండీ అడుగున ఎప్పుడూ దారమే వేస్తారు, మట్టి కారిపోకుండా. వడపోతకు మంచిదే అనుకుని, పుస్తకంలో 'అధిక నీరు' అని రాసి కింద గీత గీశాను. ఆ నెలాఖరుకు ఎనిమిదీ చచ్చిపోయాయి.

ఆ వారం సిరిసిల్లకు వెళ్ళలేదు. జగిత్యాల నుంచి కోరుట్ల బస్సెక్కాను. అక్కడ మా పెద్దమ్మ ఉంటుంది, అమ్మకు సొంత అక్క. ఎన్నో ఏళ్ళ కింద మా ఇంటి నుంచే విత్తనం తీసుకుపోయింది. ఆమె గడప దగ్గర కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చూపు నా మీద, వేళ్ళు ఆకు మీద.

"మంచిగున్నవా పెద్దమ్మా?"

"మంచిగనే ఉన్న గని, ఏం పని మీద అచ్చినవో అది జెప్పు. ఊకె రావు నువ్వు."

చెప్పాను.

"డిప్లొమా సదివి చిక్కుడు గింజలు అడుక్కోను అచ్చినవా? మీ సార్లకు తెలుసా?" చాట పక్కన పెట్టి లేచింది. "మీ అమ్మ చేతులకేం తెల్వది కొడుకా. చిన్నప్పుడు తులసి చెట్టుకు నీళ్ళు వోసి వోసి సంపింది. మా నాయిన చెట్టు సచ్చిందని ఏడ్సిండో, పిల్లను కొట్టలేక ఏడ్సిండో."

అటక మీది డబ్బా దించి, బూడిదలో వేళ్ళు పెట్టి వెతికింది. వెతకడం ఎంతకీ అవలేదు. పెంకులు తీసి స్లాబు వేసినప్పుడు వాళ్ళ తీగ కూడా పోయిందని అప్పుడు చెప్పింది. చివరికి నా అరచేతిలో పెట్టింది.

"గివే. ఐదు. ఇగ నా తాన లెవ్వు, మీ తాన లెవ్వు, యాడ లెవ్వు. కాత పడితే నా ఐదు నాకు తెచ్చియ్యి."

చొక్కా జేబులో వేసుకుని, బస్సులో ఆ జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

మరుసటి ఆదివారం డాబా మీద ఐదు డబ్బాలు కడిగి బోర్లించాం. గింజలు ఇంకా పెట్టలేదు. బాపు డ్యూటీ దిగి ఫోన్ చేశాడు. అమ్మ స్పీకర్ పెట్టింది.

"తీగ యాడిదాంక వోయింది?"

అమ్మ నా వైపు చూసింది. ఫోన్ నేను తీసుకున్నాను.

"తీగ లేదు బాపూ. ఎనిమిదీ పోయినయ్. ఏరు పట్టలే."



"మరి మీ అమ్మ గోడ సగం అన్నది?"

"అబద్ధం చెప్పింది."

"గోడ సగమే ఎందుకన్నవే?" అమ్మను అడిగాడు. "మీదిదాంక అన్నా నమ్మెటోణ్ణి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో, ఇంకేం చేసిందో నేను చూడలేదు. పుస్తకం తెరిచి ఆరు కారణాలూ చదివాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

"గవన్ని పైన సంగతులు కొడుకా. అడుగున ఏమేసిన్రు?"

"దారం. నువ్వు ఏసినట్టే."

"ఏం దారం?"

అమ్మే చెప్పింది. "పక్కింటోళ్ళ సాంచాల కాడ వేస్టు దెచ్చిన. దారం దారమే గదా."

"పోలిస్టరా?"

అవునంది అమ్మ.

"ఓరి మీ సదువు సల్లగుండ! గప్పుడు మనం నేసింది నూలు. తడిస్తె నెలకు మురిగి మన్నయితది, ఏరుకు తొవ్వ ఇడుస్తది. పోలిస్టర్ మనం సచ్చినంక గూడ ఉంటది. ఏరు యాడికని దిగుతది?"

మూలన పడేసిన దారం ముద్దను తెచ్చి విప్పి చూశాను. నాలుగు వేళ్ళ మందం, నొక్కుకుపోయి గట్టిపడిన దుప్పటిలా ఉంది. మూడు నెలలు తడిలో ఉన్నా ఒక్క పోగు తెగలేదు. సాంచా నుంచి ఇప్పుడే తీసినట్టు మెరుస్తోంది. పిండితే నల్లటి నీళ్ళు, మురుగు వాసన. నీళ్ళు రంధ్రాల దాకా కారేవి నిజమే, కానీ ఆ ముద్ద ఎప్పుడూ తడిసే ఉండి పై మట్టిని ఆరనివ్వలేదు. ఎనిమిది డబ్బాలకూ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే. నేను మార్చనిదీ అదొక్కటే. నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టి, దారం ఏదో అడగాలని నాకు తోచలేదు. ఏడు వందల కిలోమీటర్ల దూరం నుంచి ఒక మనిషి అడిగాడు. అలాంటివి అడగడానికి ఆయన ఈ డాబా మీద ఉండి ఉంటే, అని ఆ రోజే కాదు, చాలా రోజులు అనుకున్నాను.

ఐదు డబ్బాల అడుగున, రంధ్రాల మీద పెంకు ముక్కలు బోర్లించాను. గుల్ల మట్టి నింపాను. వేలంతా మట్టిలోకి దిగేలా అమ్మ గింజను నొక్కబోతే, చేయి పట్టుకుని వేలి ఒక కణుపు లోతు చాలన్నాను. నాలుగు మొలిచాయి. ఒకదాన్ని ఉడుత కొరికింది. మిగిలిన మూడూ నిలిచాయి. ఐదో వారంలో ఒక డబ్బా ఎత్తి చూస్తే రంధ్రంలోంచి వేరు కొసలు బయటికి వచ్చి ఉన్నాయి, తెల్లగా, నూలు పోగుల్లా. అమ్మ వంగి వాటిని ముట్టుకోకుండా చూసింది.

"గిప్పుడు నిజంగ చెప్పచ్చా?" అంది.

చెప్పింది. పందిరి తాళ్ళ మీదికి ఎక్కిన ప్రతి కణుపూ చెప్పింది.

దీపావళికి బాపు రాలేదు. ఊరికి వెళ్ళినవాళ్ళ సాంచాలు వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని అక్కడి సేటు చెప్పాడట. ఆ తర్వాత చలి పెరిగి, కాత పట్టింది. ఎర్ర అంచు కాయలు గుత్తులుగా వేలాడాయి. నేను వచ్చిన ప్రతి శనివారం కూరకు కోస్తుందేమో అనుకునేవాణ్ణి.

"తినెటోడు అచ్చినంక వండుత," అనేది. లేతవి ముదిరాయి, ముదిరినవి ఎండాయి.

మాఘంలో కాయలన్నీ కోసి, చాపలో పోసి, ఇద్దరం ఒలుస్తున్నాం. ఫోన్ మోగింది.

"ఎన్నయినయ్?" అన్నాడు బాపు.

"ఇంక ఎంచుతున్నం."

"పది పంపు. బస్సు డ్రైవర్ చేతికియ్యి. ఈడ మా గది మీద డబ్బాలు దొరుకుతయ్. అడుగున పెంకు పెడుత తియ్యి, దారం వెట్ట."

అమ్మ సరేనంది. ఫోన్ కొంగులో ముడేసుకుని, చాపలో గింజలను చేత్తో అటూ ఇటూ జరిపింది.

"విత్తనం అడిగిండంటే, అచ్చే వానకాలం గూడ ఆణ్నే ఉంటడన్నట్టు," అంది.

నేను లెక్క పూర్తి చేశాను. తాలువి తీసేయగా గట్టి గింజలు ఎనభై ఆరు. భీవండికి పది. కోరుట్లకు ఐదు. అమ్మ బూడిద మూటలో కట్టినవి డెబ్బై ఒకటి.