సీతమ్మతో జగదల్‌పూర్ ట్రైనింగుకు

పోయిన వానాకాలం ఎర్రబోరు దగ్గర మా ఆరోగ్య సబ్ సెంటర్లో పుట్టిన ఒక బిడ్డ ఏడవలేదు. వాగు పొంగి అంబులెన్సు అవతలే ఆగిపోయింది. వీపు రుద్దాం, పాదాలు తట్టాం. ఆ తర్వాత ఏం చేయాలో నర్సులమైన నాకూ సీతమ్మకూ తెలియలేదు. బిడ్డ దక్కలేదు. అందుకే జగదల్‌పూర్లో ఊపిరి అందని పసికందుల్ని బతికించడం నేర్పే ట్రైనింగుకు మా ఇద్దరి పేర్లూ వచ్చాయని ఫోను రాగానే ఒప్పుకున్నాం. ఇద్దరూ పూర్తి చేస్తేనే మా సెంటరుకు అంబూ బ్యాగు, అంటే బిడ్డకు గాలి అందించే రబ్బరు సంచీ, ఇస్తారట.

ఒప్పుకున్న రోజే భయం మొదలైంది. నాది తెలుగు మాట్లాడే కోంట, క్లాసులేమో హిందీలో. హిందీ అర్థమవుతుంది కానీ నలుగురిలో మాట్లాడాలంటే నోరు పెగలదు. మరైగూడ పిల్ల సీతమ్మకు ఆ బెంగ లేదు. దొర్లి, గోండి, హిందీ, తెలుగు ఏదైనా గలగలా మాట్లాడుతుంది. ఆమె దిగులంతా పాలు మానని కొడుకు గురించి.

"పిల్లగాన్ని ఇడిసి అన్ని దినాలు ఎట్లుంటనక్కా?" అంది.

చివరికి వాళ్ళ అత్త ముత్తమ్మ బాబును ఎత్తుకుని తానూ వస్తానంది. హాస్టల్లో పిల్లల్ని ఉండనిస్తారో లేదో ఫోను చేసి కనుక్కుందామన్నాను. అడిగితే కాదంటారని సీతమ్మ వద్దంది. ఈ ట్రైనింగుకు వెళ్ళే తల్లులకు నా సలహా, ముందే అడగండి.

బయల్దేరే ముందు వారమంతా సాయంత్రాలు పుస్తకంలో చూసి, పాత చీర చుట్టి చేసిన బొమ్మ మెడను సరిగ్గా వంచడం సాధన చేశాం. సీతమ్మ హిందీలో ప్రశ్నలు వేసేది. నేను సగం జవాబు చెప్పి ఆగిపోయేదాన్ని.

పొద్దున్నే ఎర్రబోరు రోడ్డు మీద కోంట నుంచి వచ్చే బస్సు ఎక్కాం. ముత్తమ్మకే సీటు దొరికింది. మేం దోర్నపాల్ దాకా నిలబడ్డాం. దారిలో తనిఖీ దగ్గర ఒక జవాను సంచీలోంచి చీర బొమ్మను తీసి ఇదేమిటని అడిగాడు. నేను సీతమ్మ వైపు చూశాను. సీతమ్మే సంగతి చెప్పింది. అతను బొమ్మను మెల్లగా సంచీలో పెట్టి పొమ్మన్నాడు.

సుక్మాలో బస్సు ఆగినప్పుడు బంగాళాదుంప బోండాలాంటి ఆలూ గుండా, టీ దొరుకుతాయి. కొంచెమే తినడం మంచిది, దర్భా ఘాటు మలుపుల్లో తిన్నది కడుపులో నిలవదు. బాబు ఆ మలుపుల్లోనే వాంతి చేసుకున్నాడు. అదే బస్సులో చింతపండు అమ్ముకోవడానికి వెళ్తున్న ఒకామె నీళ్ళిచ్చి, ఎక్కడికని అడిగింది. చెప్పాం.

"పిల్లగాన్ని లోపలికి రానియ్యరు బిడ్డా. మా అమ్మాయిని అట్లనే ఎనక్కి పంపిన్రు" అంది. జగదల్‌పూర్ దాకా సీతమ్మ బాబును ఒళ్ళోంచి దించలేదు.

మధ్యాహ్నం దాటాక హాస్టలుకు చేరాం. ఆమె అన్నట్టే అయింది. పిల్లలకు అనుమతి లేదని వార్డెన్ తేల్చి చెప్పింది. సీతమ్మ గోండి, హిందీ కలిపి బతిమాలింది. లాభం లేకపోయేసరికి బాబును భుజానేసుకుంది.

"నువ్వుండక్కా. నేను సాయంత్రం బస్సుకు పోత."

ఆమె పోతే ఆ గాలి సంచీ రాదు. వార్డెన్ ముందుకెళ్ళి నిలబడ్డాను.

"మేడం, యా దోనో రహేంగే, యా దోనో వాపస్ జాయేంగే."

ఉంటే ఇద్దరం, పోతే ఇద్దరం. ఆమె పైవాళ్ళను అడుగుతానంది. చీకటి పడేదాకా వరండాలో కూర్చున్నాం. చివరికి వంటగది పక్కన ఖాళీ గదిలో ముత్తమ్మ, బాబు ఉండవచ్చన్నారు.

క్లాసుల మధ్య సీతమ్మ ఆ గదికి పరుగెత్తి పాలిచ్చి వచ్చేది. ఆఖరి రోజు రబ్బరు బొమ్మ మీద పరీక్ష. నేను హిందీలో తెలుగు కలిపేశాను. బొమ్మ ఛాతీ లేవడం చూసి మాస్టారు సరేనన్నాడు. సీతమ్మ చేతిలో మాస్కు పక్కనుంచి గాలి పోయింది. ఇంకోసారి చేస్తానని అడిగి, కళ్ళు తుడుచుకుని, మాస్కును గట్టిగా అదిమింది. ఛాతీ లేచింది.

తిరుగు బస్సులో వాళ్ళిచ్చిన గాలి సంచీ నా ఒళ్ళోనే ఉంది. అందరూ నిద్రపోయారు, నాకు పట్టలేదు. జగదల్‌పూర్ అనుకున్నంత దూరమూ కాదు, అక్కడివాళ్ళు అనుకున్నంత కఠినులూ కాదు. అయినా మనసు కుదుటపడలేదు.

ఎర్రబోరులో దిగేసరికి మా సెంటరున్న ఊరి పెద్దావిడ ఒకామె ఎదురైంది.

"మా కోడలికి వచ్చే నెల కాన్పు. భద్రాచలం ఆసుపత్రికి తోల్కపోదామనుకున్నం. మీరు నేర్చుకొచ్చిన్రంట గద, ఇంక ఎందుకు పోవుడు?"

భద్రాచలమే తీసుకెళ్ళమని చెప్పాలనిపించింది. నేను నేర్చుకున్నది రబ్బరు బొమ్మ మీద. ఈలోగా సీతమ్మ కొడుకును చంక మార్చుకుంది.

"ముందుగాల ఒకసారి తీస్కరా పెద్దమ్మా, చూస్తం. అంతా మంచిగుంటే మా దగ్గరనే."

ఆమె సరేనని మాతోపాటే నడిచింది. నేను కోడలి పేరు అడిగాను. గాలి సంచీని రెండు చేతులా పట్టుకున్నాను.