గుంట తోట పెద్దమ్మ

కాఫీ కోత సగంలో ఉండగా పెద్దమ్మ పోయింది. పాడేరు కాలేజీలో నేను క్లాసు చెబుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ నేదు సెల్లీ" అన్నాడు. నా ముఖం చూసి పిల్లలు లేచి నిలబడ్డారు. వాళ్లలో కొందరు ఆమె చలవతో చదువుతున్నవాళ్లే.

ఆమె నాకు చుట్టం కాదు. మా కొండపిల్లల కోసమే పెట్టిన ఈ డిగ్రీ కాలేజీలో ఆమె సాయంతో చదివిన వాళ్లందరం పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. అరకు దగ్గర వాలులో ఉన్న తమ కాఫీ తోటలోంచి ఆ కుటుంబం ఓ ముక్క వేరుచేసి, దాని పంటంతా మా చదువులకు వదిలేసింది. మా వైపు ఆడపిల్లను గుంట అంటాం. అది గుంట తోట. ఎప్పుడో చనిపోయిన కూతురి పేరున పెట్టిన తోట.

ఒకటే షరతు. సాయం తీసుకునేవాళ్లు కోతకు రావాలి. "ఊరికే తీసుకుంటే తల దించుకోవాల. పని సేసి తీసుకుంటే ఎవులికి భయం?" అనేది.

మొదటిసారి వెళ్లినప్పుడు, మా ఇంట్లో చేసినట్టే కొమ్మ పట్టుకుని ఒక్క లాగు లాగి, ఎరుపూ పచ్చా కలిపి బుట్ట నింపేశాను. షావుకారు కలిపే కొంటాడు కదా అని నా ధీమా. పెద్దమ్మ గోనె పరిచి కూర్చుని పచ్చివన్నీ ఏరింది. "ఇయ్యి ఏటికి పనికొత్తాయే గుంటా? మల్లీ కొమ్మకి అతికిత్తావా?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. వెంటనే ఉడకబెట్టిన చిలగడదుంప విరిచి సగం నా చేతిలో పెట్టింది. ఆమె కోపం అంతసేపే.

కూతురి సంగతి ఆ కోతల్లోనే తెలిసింది. ఆ పిల్ల కింద మైదానంలో ఓ పెద్ద కాలేజీలో చేరిందట. నోరు తెరిస్తే చాలు, యాసకు నవ్వేవారట. ఓ రోజు ఫోన్ చేసి "ఇంటికి వచ్చీనా అమ్మా?" అని అడిగితే ఈమె "వచ్చీ" అని రమ్మనేసింది. వచ్చిన పిల్ల మళ్లీ పుస్తకం పట్టలేదు. ఆ వానాకాలమే జ్వరంతో పోయింది.

"మనోళ్ల కాలేజీలోనే సదవండి. అక్కడ మన మాటకి ఎవులూ నవ్వరు" అని మాకు ఎప్పుడూ చెప్పేది. "రమ్మన్నదాన్ని నేనే" అని మాత్రం ఒక్కసారే అంది.

మొదటి ఏడాదిలోనే నాకూ మనసు విరిగింది. ఇంగ్లీషు పాఠాలు తలకెక్కక, ఇంటికి వెళ్లిపోతానని ఆమెకు ఫోన్ చేశాను. ఆమె రమ్మనలేదు, ఫోన్ పెట్టేసింది. మర్నాడు దుప్పటి సంచితో హాస్టల్ ముందు జీపు దిగింది. "నువ్వు రాకు. నేనే వచ్చీసినాను" అంది. వార్డెన్‌ను బతిమాలి కొన్నాళ్లు నా పక్కనే పడుకుంది. నేను పాఠం పైకి చదువుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా బుద్ధిగా తలాడించేది. నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వుతోనే కాలేజీలో నిలబడ్డాను. ఈరోజు అక్కడే పాఠం చెబుతున్నానంటే ఆ దుప్పటి సంచి వల్లే.

పెద్దదినం నాడు పాత పిల్లలం చాలామందిమి వెళ్లాం. టూరిస్టులకు టెంట్లు వేసేవాళ్లు గుంట తోట ఉన్న వాలు తమకిమ్మని అడుగుతున్నారని అక్కడే తెలిసింది. కొడుకు మా దగ్గర ఏదీ దాచలేదు.

"నాకూ పిల్లలున్నారు సెల్లీ. అమ్మలాగ నిలబడగలనో నేదో సెప్పలేను."

"మరి వాళ్లకేం చెప్పావన్నా?"

"కాయ ఇంకా పచ్చిగుంది, పండేదాకా తోటలో అడుగెట్టొద్దన్నాను."

కాయ పండాక తోట ఏమవుతుందో అతను చెప్పలేదు. ఈ ఏడు చేరిన పిల్లల ముఖాలు కళ్లముందు మెదులుతున్నా నేను అడగలేకపోయాను.

మర్నాడు అందరం కోతకు దిగాం. పెద్దమ్మ బుట్ట నేను కట్టుకున్నాను. పక్కన కొత్తగా వచ్చిన పిల్ల ఒకతి కొమ్మంతా లాగెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాను.

"బేగి అయిపోద్ది కదా మేడమ్?"

"బేగి అవ్వక్కర్లేదమ్మా, తొందరేం లేదు" అన్నాను.

సాయంత్రానికి మంచు దిగింది. ఎర్రవన్నీ బుట్టల్లోకి వచ్చేశాక కొమ్మల నిండా పచ్చికాయలే మిగిలాయి. అవి ఎప్పుడు పండుతాయా అని ప్రతి ఏడూ ఎదురుచూసేవాళ్లం. ఈసారి మాత్రం, అలాగే పచ్చిగా ఉండిపోతే బాగుండుననిపించింది.